ఐర్లాండు పల్లెలో ‘మీ ఆయన’

ప్రేమ నవలల మీద నాకు పాత కక్ష ఉంది. మా ఇంటి వసారాలో వితంతు వివాహం మీద, ముహూర్తాల మీద పెద్ద పెద్ద వాదాలు నడిచేవి. నాకు నోరు పెరిగింది అక్కడే. ఆడదాన్ని ఆలోచించనీయకుండా జోకొట్టే సరుకని ఆ నవలలను తిడుతూ వ్యాసం కూడా రాశాను. అలాంటి నేను షార్జాలో రోలా అనే పేటలో, ఆడవాళ్ళం అద్దెకుంటున్న ఒక గదిలో, శుక్రవారం వస్తే ఐర్లాండు పల్లెటూరి ప్రేమకథను తెలుగులో చదివి వినిపించాల్సి వచ్చింది.

చదివించుకున్నది నా పక్క మంచం అక్క. గోదావరి జిల్లా మనిషి, భర్త పోయి చాలా కాలమైంది, ఇళ్ళలో వంట చేసేది. దేశం వదిలి వెళ్తూ ఒక మేడమ్ పారేసిన ఇంగ్లీషు పుస్తకాల్లోంచి దీన్ని అట్ట చూసి తెచ్చుకుంది: పచ్చిక, రాతిగోడ, ఎర్ర బూట్లేసుకున్న ఆడమనిషి. అందులో కథానాయిక కూడా భర్త పోయినదే. పట్నం విడిచి పల్లెకు చేరుతుంది. పక్క పొలంలో గొర్రెలు పెంచే ఒకడుంటాడు.

అక్కకు ఆ కథ ఎందుకు కావాలో నాకు తెలుసు. ఏసీలు బాగుచేసే నెల్లూరాయన ఒకాయన ఆమెను పెళ్ళి చేసుకుందామని అడిగాడు. తను సెలవుకి ఊరెళ్ళేలోగా జవాబు చెప్పమన్నాడు. అక్కడ ఆయన వాళ్ళు ఆయనకి వేరే సంబంధం చూసి ఉంచారు. ఇష్టమున్నా అక్కకు నోరు పెగలడం లేదు. ఊళ్ళో అన్న ఏమంటాడో, నలుగురూ ఏమంటారో అని భయం. నా దగ్గరున్న వాదనలన్నీ ఆమె ముందు పెట్టాను. ఉల్లిపాయలు తరుగుతూ అంతా విని, “ఉపన్యాసం బాగుందమ్మాయ్. ఇక ఆ గొర్రెలాయన సంగతి చదువు,” అంది.

చదివాను, మధ్యమధ్య ఆగి రచయిత్రితో తగువు పెట్టుకుంటూ. ఈమె ఏం చేసి బతుకుతోంది? ఆ సంగతి ఒక్కరూ అడగరే? అక్క అనుమానాలు వేరు.

“అంత వానలో తిరిగితే గొర్రెలకి గాలికుంటు రాదా?”

“అది రాయలేదక్కా.”

“మరేం రాసిందంట?”

“అతని కళ్ళ గురించి. పేజీల కొద్దీ.”

“అయితే చదువు మరి!”

ఒకచోట ఊరి దుకాణం ఆవిడ కథానాయికతో ‘యువర్ మ్యాన్’ వచ్చి గుడ్లు అడిగాడని అంటుంది. నేను తడుముకోకుండా “మీ ఆయన వచ్చి గుడ్లు అడిగాడు” అని చదివాను. రోలాలో ఉండేవాళ్ళెవరైనా అలాగే చదువుతారు. మా వీధి బకాలాలో సరుకులమ్మే మలబారీ ఏ ఇల్లాలితోనైనా “ఆప్‌కా ఆద్మీ దూద్ లేకే గయా” అన్నాడంటే, పాలు పట్టుకెళ్ళింది ఆమె మొగుడే.

అక్క చేతిలో కత్తి ఆగింది. “పెళ్ళి కాకుండానే అలా అనేసిందా? ఈవిడ కాదనలేదా?”

“లేదు. గుడ్లు ఇచ్చారా అని అడిగింది.”

తర్వాత పోస్టుమానూ అదే మాట, చర్చి ఫాదరూ అదే మాట. అక్క ముఖం విప్పారింది. “ఊరంతా ముందే ఒప్పేసుకుంది చూసేవా! నేనే పిరికిదాన్ని. వచ్చే శుక్రవారం ఆయనకి సరేనని చెప్పేస్తా.”

ఆ వారంలోనే మా ఆఫీసులో ఐర్లాండు ఇంజినీరు ఒకాయన నా బల్ల దగ్గరికొచ్చి, ‘యువర్ మ్యాన్’ ఇంకా రాలేదా అన్నాడు. నాకు పెళ్ళే కాలేదని కోపంగా చెప్పాను. ఆయన బిత్తరపోయి, ఆపైన పగలబడి నవ్వాడు. అడిగింది డ్రైవరు గురించట. వాళ్ళ వైపు ఆ మాటకు ‘ఆ మనిషి’ అనే తప్ప మొగుడనే అర్థం లేదట.

ఇక నాకు కుదురు లేదు. బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. నా వాదనలన్నీ కలిసి చేయలేని పని ఒక తప్పు అనువాదం చేసింది. నోరు మూసుకుంటే పెళ్ళి జరుగుతుంది, నేను కోరుకున్నదీ అదే. కానీ మేలు జరుగుతోంది కదా, అబద్ధమైతే ఏమిటి అనేది బాబాలు చెప్పే మాట. ఆ మాట మీదే కదా నేను ఇన్నాళ్ళూ పోట్లాడింది! మా బిల్డింగు మెట్లెక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను.

చెప్పేశాను. అక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

“అయితే ఆ ఊళ్ళోవాళ్ళు ఒప్పుకున్నారో లేదో తెలీదన్నమాట.”

“తెలీదక్కా. చివర ఇంకా ఉంది. చదవనా?”

“వద్దు.” ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసింది. “వాళ్ళెవరో ఒప్పుకున్నారని నేను ఎగరడమేంటమ్మాయ్, పిచ్చి కాకపోతే! నాకు అడ్డు ఐర్లాండోళ్ళా? మా అన్న.”

నైటీ మీద చున్నీ వేసుకుని, ఫోను కార్డు తీసుకుని బయల్దేరింది. వెనకే నేనూ వెళ్ళాను.

వీధి చివర ఫోను బూత్. నేను ఎండలో అటూ ఇటూ తిరుగుతుంటే లోపలి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

“అన్నయ్యా, నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నా... అడగట్లేదు, చెప్తన్నా... అరవకు, కార్డయిపోద్ది.” అవతల ఆయన చెప్పేదంతా వింది. చివరికి, “నీ ఇష్టం అన్నయ్యా. నాది మాత్రం ఖలాస్, అయిపోయింది,” అని పెట్టేసింది.

తలుపు తోసుకుని బయటికొచ్చింది.

“ఏమన్నాడక్కా?”

“నేను చచ్చేననుకుంటాడంట.” చున్నీ చెంగుతో కళ్ళు గట్టిగా ఒత్తుకుంది. “యల్లా, పద. ఆయనకింకా చెప్పనే లేదు.”