రాహుకాలంలో వేసిన ఈస్టు

నా పెళ్ళి ఏ వేళకు జరగాలో తేల్చడానికి రెండు ఊరగాయ జాడీలు, ఒక డబ్బా సీమ బీరు పాకం కావలసి వచ్చాయి. ఇది డెబ్బైల చివరి మాట. అప్పుడు నేను మదనపల్లెలో బడిపంతులును. నేను చేసుకోబోయే ఆమె కుప్పంలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. ఒక చర్చాసభలో నా ఉపన్యాసంలోని మూడు తప్పులు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పి కూర్చుంది. మరుసటి ఏడు పెళ్ళి చేసుకుందామనుకున్నాం.

వాళ్ళ నాయన పుంగనూరు అవతల, చౌడేపల్లె దారిలో ఒక పల్లెలో సేద్యం చేసేవాడు. యుద్ధం రోజుల్లో మిలిటరీ లారీ నడుపుతూ ఈజిప్టు, ఇటలీ చూసివచ్చిన మనిషి. పురోహితుడు వద్దంటే సరే అన్నాడు. మంత్రాలు వద్దన్నా సరే అన్నాడు. దండలు మార్చుకుంటే చాలంటే దానికీ తలూపాడు. ఒక్కదాని దగ్గరే ఆగిపోయాడు.

"ముహూర్తం మాత్రం ఉండాల అయివారూ. నా బిడ్డను వేళాపాళా లేకుండా పంపీను."

ఆ ఒక్కటే నాకు మింగుడుపడనిది. రాహుకాలమనేది రోజుకు గంటన్నర చొప్పున ఈ దేశం ఆయుష్షును మింగుతున్న పాము అని సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. ఆ పాముకు భయపడి ఆసుపత్రికి ఆలస్యంగా బయల్దేరినవాళ్ళను నా కళ్ళతో చూశాను. అందుకే నా పెళ్ళి ఆదివారం సాయంత్రం నడి రాహుకాలంలోనే జరగాలని పట్టుపట్టాను. ఆ మాట పెద్దక్షరాల్లో వేసి శుభలేఖ కూడా రాసిపెట్టుకున్నాను. ఆయన దిగడు, నేను దిగను. మధ్యలో ఆమె కుప్పం నుంచి ఉత్తరాలు రాసేది. చివరి ఉత్తరంలో ఒకే వాక్యం: "వేసవి సెలవులలోగా తేల్చుకోండి, లేకపోతే నేను తేలుస్తాను."

అటువంటప్పుడు ఒక ఆదివారం వాళ్ళింటికి వెళితే, దేవుడి పటాల పక్కన ఒక పెద్ద డబ్బా కనిపించింది. దానికీ కుంకుమబొట్టు పెట్టి ఉంది. ఇదేమి దేవుడు మామా అని అడిగాను. పెళ్ళి తేలకముందే నేనాయన్ని మామా అనేవాణ్ణి. ఆయన నవ్వాడు.

"పోర్టరు అప్పా. నల్ల బీరు. ఇటలీలో మా ఆఫీసరు తాగిచ్చినాడు. ఇన్నేండ్లకు గుర్తు పెట్టుకోని, ఇంట్లోనే చేసుకునే సామాను ఇంగ్లండు సీమ నుంచి పంపినాడు. రాగిసంకటి అడుగంటితే ఆ మాడు చెక్క ఉంటాది సూడు, ఆ రుచి."

డబ్బా వచ్చి ఎనిమిది నెలలైందట. తెరవడానికి మంచి ముహూర్తం కుదరలేదట.

నాకు అక్కడే ఆలోచన తట్టింది. డబ్బాలోని బీరు పాకాన్ని రెండు సగాలు చేద్దాం అన్నాను. దాన్ని పులియబెట్టే ఈస్టు పొట్లాన్నీ సగం చేద్దాం. ఒక సగం నేను ఈ సాయంత్రం రాహుకాలంలో కలుపుతాను. రెండో సగం రేపు పొద్దున మీకు నచ్చిన లగ్నంలో మీరు కలపండి. నాది పాడైతే మీ ముహూర్తానికే పెళ్ళి. నాది బాగుంటే మీరు రాహుకాలంలో వచ్చి ముందు వరసలో కూర్చోవాలి. మద్యపానం మీద కూడా ఉపన్యాసాలిచ్చినవాణ్ణే. కానీ వాదం గెలిచే అవకాశం వస్తే నాకు వేరే నియమాలు గుర్తుండేవి కావు.

ఆయన చెయ్యి చాచాడు. ఆ వారం ఇంటికి వచ్చి ఉన్న ఆమె నోటుపుస్తకం తెచ్చుకుంది. వాళ్ళమ్మ మాత్రం జాడీలు ఇవ్వడానికి సణిగింది. "మామిడికాయ పెట్టే జాడీల్లో సారాయా? ఈ ఏడు ఊరగాయ తింటే తూలతాము."

ఆదివారం రాహుకాలం నాలుగున్నరకు మొదలై ఆరింటికి ముగుస్తుంది. నాలుగున్నరకే మొదలుపెట్టాను. డబ్బా తెరవడానికే అరగంట పట్టింది. ఉలి, సుత్తి, చివరికి కొడవలి మొన. లోపల పాకం బెల్లపు పాకంకన్నా చిక్కగా, తారులాగా ఉంది. కట్టెలు పచ్చివి, నీళ్ళు మరగవు. పాకం, చక్కెర, మరిగిన నీళ్ళు జాడీలో కలిపి పైన చన్నీళ్ళు పోసేసరికి ఆరింటికి పది నిమిషాలే ఉంది. జాడీ ఇంకా పొగలు కక్కుతోంది. డబ్బాతో వచ్చిన కాగితంలో, పాకం గోరువెచ్చగా అయ్యేదాకా ఈస్టు వేయవద్దని స్పష్టంగా ఉంది.

ఆమె వేలు ముంచి వెంటనే తీసేసింది. "కాలుతోంది. ఆగండి."

"ఆగితే రాహుకాలం అయిపోతుంది," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. గోడగడియారం వైపు పదేపదే చూసినదీ నేనే. పంచాంగం నమ్మేవాడు కూడా ఆ గంటన్నర కోసం అంతగా తపించి ఉండడు. ఆరింటికి రెండు నిమిషాలుందనగా ఈస్టు చల్లి, గుడ్డ కట్టి, గెలిచినవాడిలా చేతులు దులుపుకున్నాను. ఆమె పుస్తకంలో ఏదో రాసుకుంది.

మరుసటి పొద్దున ఆయన వంతు. నీళ్ళు కాచి పాకం కలిపాక జాడీ చుట్టూ పసుపు పూశాడు, కొబ్బరికాయ కొట్టాడు, కర్పూరం వెలిగించాడు, ఇంటిదేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాడు. పూజ ముగిసేసరికి జాడీ గోరువెచ్చగా చల్లారింది. అప్పుడు తీరిగ్గా ఈస్టు చల్లాడు. నేను మదనపల్లె బస్సు, ఆమె కుప్పం బస్సు ఎక్కాం.

బుధవారం కార్డు వచ్చింది. "నా జాడీ బుసబుసా పొంగతా ఉండాది. మీదానికి ఉలుకూ లేదు పలుకూ లేదు. వైశాఖంలో మూడు లగ్నాలుండాయి, ఏదో ఒకటి చెప్పండి."

ఆ మూడు రోజులు పిల్లలకు పాఠం ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఓడిపోవడం బాధ కాదు. నా చేతులతోనే రాహువుకు సాక్ష్యం తయారుచేసి పెట్టానన్నది బాధ.

ఆదివారం అందరం జాడీల చుట్టూ చేరాం. ఆమె పుస్తకం తెరిచింది. "నాయనా, ఈయన ఈస్టును ఉడకబెట్టినాడు. వేడికి చచ్చింది, రావుకాలానికి కాదు. నీ పూజ పుణ్యమా అని నీది చల్లారింది."

ఆయన మీసం సవరించుకున్నాడు. "సరేమ్మా. చల్లారేదాకా ఈయన్ను ఆగనీకుండా తరిమింది ఎవరు? రావుకాలమే కదా."

ఎన్నో వేదికలెక్కాను. ఎందరో పండితులతో తలపడ్డాను. అలాంటి పట్టు ఎవరూ వేయలేదు. నమ్మినవాడినీ, ఎదిరించినవాడినీ ఒకే తాడుతో కట్టి ఆయన లాగేశాడు. ఓటమి ఒప్పుకోవడానికి నా జాడీ గుడ్డ విప్పాను.

లోపల ముద్దగా నురగ కట్టి ఉంది. చెవి దగ్గర పెడితే సన్నగా చిటపటలు. నేనూ మామా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వెనకనుంచి వాళ్ళమ్మ అంది:

"మంగళారం దాకా సూస్తి. కదల్లేదు. పాలు తోడుకోకపోతే ఏం జేస్తాం? ఆ జాడీలోంచి గంటెడు నురగ తీసి దీంట్లో తోడేస్తి. కార్డు రాస్తివి గానీ, మళ్ళా గుడ్డ ఎత్తి సూడలేదు నువ్వు."

"ఏ వేళప్పుడు వేస్తివి?" అన్నాడాయన. నేనూ అదే అడగబోయాను.

"బర్రెకు కుడితి పెట్టినాక. నాకేం తెలుసు వేళ? మీరు గడియారం సూస్తాంటిరి, నేను జాడీ సూస్తి."

ఆమె ముందు నవ్వింది. తర్వాత ఇంట్లో నవ్వనివాళ్ళు లేరు. పందెం ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు, మళ్ళీ వేయడానికి రెండో డబ్బా లేదు. నవ్వు తగ్గాక ఆమె అంది: "దండ పడేది నా మెడలో. ఇన్నాళ్ళూ నన్ను అడిగినవాళ్ళు లేరు. సెలవులు మొదలైన రోజు మా టీచర్లంతా కుప్పం నుంచి వస్తారు. వాళ్ళ బస్సు ఎప్పుడొస్తే అప్పుడే పెళ్ళి."

"బస్సు రావుకాలంలో వస్తే?" అన్నాడు వాళ్ళ నాయన.

"వస్తే రానీ. అమృత ఘడియల్లో వస్తే మాత్రం ఈయన వద్దంటాడా?" అని నావైపు చూసింది.

ఆయన ఒప్పుకోవడానికి గంట పట్టింది. నాకు అంతకన్నా ఎక్కువే పట్టిందని దాచకుండా చెప్పాలి. రాహుకాలాన్ని తప్పించుకోవడం ఎంత బానిసత్వమో, వెతుక్కుంటూ పోవడమూ అంతేనని ఒప్పుకోవాలంటే, రాసిపెట్టుకున్న శుభలేఖను చించాలి. చించాను.

బీరు సీసాల్లోకి ఎక్కి, మూడు వారాలకు తాగడానికి సిద్ధమైంది. చేదుగా, నల్లగా, నిజంగానే సంకటి మాడు రుచితో ఉంది. ఏ సీసా ఏ జాడీదో కనిపెట్టాలని నేనూ మామా చాలాసేపు కష్టపడ్డాం. కనిపెట్టలేక ఇంకోటి తెరిచాం. వాళ్ళమ్మ ఒక్క గుక్క తాగి, దీనికా ఇంత రామాయణం అని లేచిపోయింది.

పెళ్ళిరోజు వాళ్ళ ఊరి బడి వసారాలో జనం కూర్చున్నారు. బస్సు రాలేదు. పెద్దపంజాణి దగ్గర టైరు పంచరైందని ఎవరో సైకిలు మీద వచ్చి చెప్పారు. నేను, మామ రోడ్డు మీద నిలబడి ఒకే మలుపు వైపు చూస్తున్నాం. ఇద్దరి చేతులకూ గడియారాలున్నాయి. ఇద్దరం వాటివైపు చూడలేదు. ఎండ వాలాక దుమ్ము లేచింది. బస్సు దిగిన టీచర్లు మొహాలు కూడా కడుక్కోకుండా వచ్చి కూర్చున్నారు. ఆమె నా మెడలో దండ వేసింది. డ్రైవరు దిగివచ్చి మేళం లేదా అని అడిగాడు. లేదన్నాం. అతను మళ్ళీ బస్సెక్కి, మేము దండలు మార్చుకోవడం ముగిసేదాకా హారను మోగిస్తూనే ఉన్నాడు.