పావు చుట్టు

ఏ లారీ అయినా రైలు గేటు దగ్గర ఆగి, ఇంజను శబ్దం కాస్త సన్నబడితే చాలు, ఇప్పటికీ నా కుడికాలు నేలను గట్టిగా తొక్కుతుంది. మా ఆవిడ అది చూసి నవ్వేది. సంగతి చెప్పాక నవ్వడం మానేసింది.

ఎనభైల్లో తెనాలిలో నాకు డీజిల్ బళ్లు బాగుచేసే షెడ్డు ఉండేది. డ్రైవరు కాలు తీసేసినా ఇంజను ఆగిపోకుండా నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి. దాన్నే మేం ‘స్లో’ అంటాం. స్లో కుదర్చడంలో నా అంతవాడు లేడని రేపల్లె నుంచి బాపట్ల దాకా పేరు. స్క్రూడ్రైవరు కొన డీజిల్ పంపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాణ్ణి. స్క్రూ పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు తిప్పేవాణ్ణి. ఆ తర్వాత నిండు టీ గ్లాసు ఇంజను మీద పెడితే తొణక్కూడదు. జనం చుట్టూ మూగి చూసేవారు. పొగడ్త ఎవరికి చేదు? నాకు బాగా తలకెక్కింది.

రేపల్లె నుంచి ఒకాయన వచ్చేవాడు. ఉన్నది ఒక్క లారీ, దానికి ఓనరూ డ్రైవరూ తనే. స్టీరింగుకి నుదురు ఆనించి ప్రార్థన చేసుకుంటే గాని బండి కదిపేవాడు కాదు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. ఒక శనివారం పొద్దున బియ్యం లోడుతో వచ్చాడు.

“కాలు తీస్తే చాలు, ఊగి ఊగి ఆగిపోతోంది తమ్ముడూ. మధ్యాహ్నానికి బాపట్లలో దింపాలి. కాస్త చూడు.”

విన్నాను. పంపులోకి గాలి పోతున్నట్టు అనిపించింది. డీజిల్ గొట్టం అతుకు దగ్గర తడి కూడా కనిపించింది. అక్కడ రాగి వాషరు పగిలి ఉంటుంది. గొట్టం విప్పి, వాషరు మార్చి, గాలి తీయాలంటే గంటన్నర పని. ఎదురుగా నలుగురు నిలబడి నా చెవి గొప్పతనం చూస్తున్నారు. ఆ తడిని గుడ్డతో తుడిచేసి, స్క్రూ పావు చుట్టు పెంచాను. టీ తొణకలేదు.

“ఇంక దిగుల్లేదుగా?” అన్నాడు.

“నేను చేశాక దిగులేంటన్నా? ధైర్యంగా వెళ్లు.”

మా వైపు డ్రైవర్లకి ఒక అలవాటు ఉండేది. కాలువ వంతెన దిగేటప్పుడు డీజిల్ కలిసొస్తుందని గేరు తీసేసి, బండిని న్యూట్రల్‌లో దొర్లనిచ్చేవారు. ఆయనా అంతే. అప్పుడు స్లో నిలబడకపోతే ఇంజను ఆగిపోతుంది. ఇంజను తిరిగినంతసేపే ఆ లారీ బ్రేకుకి బలం. ఇవన్నీ నాకు తెలుసు. న్యూట్రల్ కొట్టొద్దన్నా అని ఒక్క మాట చెప్పలేదు. చెబితే నా పని మీద నాకే నమ్మకం లేనట్టు ఉంటుందనుకున్నాను.

బాపట్ల చేరకముందే ఒక వంతెన దిగుతుండగా ఇంజను ఆగిపోయింది. కలుపు తీసి వస్తున్న ఆడవాళ్లు రోడ్డు దాటుతున్నారు. ఆయన బండిని పక్కకి తిప్పేసి తుమ్మచెట్టుకి కొట్టాడు. ఆడవాళ్లలో ఒక్కరికీ గీత పడలేదు. ఆయన కుడికాలు మోకాలి పైకి తీసేశారు.

లారీని లాక్కొచ్చి నా షెడ్డులోనే పెట్టారు. ఎవరూ లేనప్పుడు అతుకు విప్పాను. వాషరు రెండు ముక్కలైంది. తీసి మురిక్కాలవలో పారేశాను. అంత నీచమైన పని నేను మళ్లీ చేయలేదు, చేయాల్సిన అవసరమూ రాలేదు. ఎందుకంటే పోలీసులకి ఆయనే చెప్పాడు, కునుకు పట్టిందని.

బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. “షెడ్డు బాగా నడుస్తోందా తమ్ముడూ?” అని అడిగాడు. “బాగుందన్నా” అన్నాను. అంతే, ఆ తర్వాత పదేళ్లకి పైగా ఆయన గడప తొక్కలేదు.

తొంభైల చివర్లో కంప్యూటరు ఉన్న కారొకటి మా ఊరొచ్చింది. స్లో పడిపోతోందని కంపెనీ కుర్రాడొచ్చి ఏదో పెట్టె తగిలించాడు. స్క్రూ లేదు, చెవి లేదు. “ఎప్పుడు ఏం తప్పు జరిగిందో అంతా ఇందులో ఉంటుందండి. మనం చెరిపితేనే పోతుంది” అన్నాడు. ఆ సాయంత్రమే రేపల్లె బస్సెక్కాను.

ఆయన చర్చి పక్క సందులో, ఇంటి వెనక వసారాలో మంచం మీద ఉన్నాడు. తల నెరిసింది. వాషరు సంగతి, తడి తుడిచిన సంగతి, కాలవలో పారేసిన సంగతి అన్నీ చెప్పాను.

“బ్రేకు రాయిలా అయిపోయినప్పుడే తెలిసింది తమ్ముడూ” అన్నాడు. “నీ పేరు చెబితే నీ షెడ్డు మూయిస్తారు. నీకు చిన్నపిల్లలు. నువ్వే వచ్చి చెబుతావులే అనుకున్నా.”

ఆయన మంచం పట్టె మీద చేత్తో తట్టాడు.

“రెండేళ్లు ఈ మంచం వీధి వైపే వేయించుకున్నా. ఏ బండి ఆగినా నువ్వేనేమోనని. చూసి చూసి మీ వదినే ఇటు మార్పించేసింది.”