కత్తిరించని వీడియో

అత్తగారు పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికకు మామగారు ఒక్కటే కోరారు. పెద్ద ఫ్లెక్సీ వద్దు, పూలదండలు వద్దు, అందరూ భోజనాలకు లేచేలోపు ఆవిడ పాట ఒక్కసారి వినిపించాలి. ఆవిడ ఒక్కరే పాడుతున్న వీడియో నా ఫోనులో మాత్రమే ఉంది. అలా ఆ పని నామీద పడింది. నిజానికి నేనే మీద వేసుకున్నాను. నలుగురిలో పనిమంతురాలిననిపించుకోవడం నాకు మహా ఇష్టం.

మా ఇల్లు నాంపల్లిలో, స్టేషన్ వెనక సందులో. చర్చి ఆబిడ్స్‌లో. కూడిక రోజు ముందుగా వెళ్ళి చూస్తే, నా ఫోను ఒక కంపెనీది, చర్చి లాప్‌టాప్ ఇంకో కంపెనీది. రెండింటికీ బొత్తిగా పడదు. వాట్సాప్‌లో పంపితే బొమ్మ మసకబారుతుంది. రెండింటిలోనూ ఒకే యాప్ వేసి, ఒకే వైఫైకి కలిపితే వైరు లేకుండానే వెళ్ళిపోతుందన్నాను. గన్‌ఫౌండ్రీలో మా బ్యాంకులో ఇలాంటివన్నీ నేనే చేసిపెడతానని కూడా చెప్పాను. నన్నెవరూ అడగలేదు.

లాప్‌టాప్ ముందు కూర్చున్నావిడ క్వైర్‌లో పాడుతుంది. "అక్కా, మీ ఫోను గిందుల కనవడ్తలేదు," అంది.

"మీది వేరే వైఫైలో ఉన్నట్టుంది, చూడండి."

"ఔ, మార్చిన. గిప్పుడొచ్చింది." ఫైలు పూర్తిగా దిగేదాకా చూసి, "జర ఒక్కసారి పెట్టి చూద్దామా?" అని అడిగింది.

"ఎందుకండీ, ఇంట్లో ఎన్నిసార్లు చూశానో," అన్నాను.

నేను చూసింది నా ఫోనులో. అందులో వీడియో పాట మొదటి మాటతోనే మొదలవుతుంది. అంతకు ముందున్న ముక్కను, తీసిన రోజునే, ఆఫీసుకు వెళ్తూ ఆటోలో కత్తిరించేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా, నేను తొక్కి, కడుక్కుని, అంతా శుభ్రమైపోయిందనుకున్నాను.

పాస్టర్ అయ్యగారు వాక్యోపదేశం ముగించి, "ఈమె ఆ తల్లికి కోడలు కాదండీ, కూతురు," అన్నారు. నేను తల వంచుకున్నాను, వినయంగా కనబడేలాగే. అప్పుడు తెర మీద మా వంటిల్లు వచ్చింది. అత్తగారు పీట మీద కూర్చుని గోంగూర ఆకు తుంచుతున్నారు. పాట రాలేదు. రెండు స్పీకర్లలోంచీ నా గొంతు వచ్చింది.

"మళ్ళీ మొదటికొచ్చారా? మీకోసం ఆఫీసు మానుకుని కూర్చోనా? పాడితే పాడండి, లేకపోతే వదిలేయండి. నా ప్రాణం తీయకండి."

ఆవిడ ఆకు తుంచడం ఆపి కెమెరా వైపు చూశారు. "కోప్పడకమ్మా. ఈసారి మరచిపోను. నీ డబ్బాలో పచ్చడి పెట్టాను, మూత సరిగ్గా పెట్టుకో."

క్వైరావిడ ఆపబోయింది. ముందు వరుసలోంచి మామగారు చెయ్యెత్తి, "ఉంచమ్మా," అన్నారు. ఆ తర్వాత అత్తగారు పాడారు, చివరిదాకా, ఎక్కడా మరచిపోకుండా. నేను ఒక్క చరణమూ వినలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ నావైపు తిరగలేదు. తిరిగి చూసినా కాస్త నయంగా ఉండేది.

భోజనాల దగ్గర ఒక పెద్దావిడ నా ప్లేటులో బిర్యానీ వేస్తూ, "ఇంట్ల అననోళ్ళు ఎవరున్నరు బిడ్డా, ఫికర్ చెయ్యకు," అంది. ఆవిడ మంచికే అంది.

తర్వాత కనుక్కున్నాను. నా ఫోనులో వీడియో కత్తిరిస్తే తీసేసిన ముక్క ఎక్కడికీ పోదు. కావాలంటే తిరిగి తెచ్చుకోవడానికి లోపలే ఉంటుంది. ఆ యాప్ నేను దిద్దినదాన్ని వదిలి, లోపలున్న మొత్తాన్ని పట్టుకెళ్ళింది. అక్కడ ఒక్కసారి పెట్టి చూసుకుని ఉంటే ఈ గోల ఉండేది కాదు. కానీ గోల లేకపోయినంత మాత్రాన నేనా మాట అనలేదని కాదుగా.

ఇంటికొచ్చాక మామగారు తన ఫోను పట్టుకుని వచ్చారు. "అది నాకూ పంపమ్మా."

ఆయన ముఖంలోకి చూడలేక, "పాట వరకే పంపుతాను మామయ్యగారూ. ముందున్నది తీసేస్తాను," అన్నాను.

"వద్దు, మొత్తం పంపు. చర్చిలో వాళ్ళు తీసిన వీడియోల్లో అందరితో కలిసి పాడిన పాటలైనా దొరుకుతాయి. మీ అత్తయ్య మామూలుగా మాట్లాడింది నా దగ్గర ఇంకెక్కడా లేదు."

నన్ను క్షమించానని ఆయన అనలేదు, తప్పు చేశావనీ అనలేదు. ఆయన ఫోను కూడా వేరే కంపెనీదే. ఆ యాప్‌నే అందులోనూ వేసి ఇచ్చాను. ఫైలు తీసుకోవాలా వద్దా అని అది అడిగితే, ఆయనే నొక్కారు.

ఇప్పుడు ప్రతి ఉదయం కాఫీ తాగుతూ ఆ వీడియో పెట్టుకుంటారు. చెవి సరిగా వినిపించదు కనుక శబ్దం బాగా పెంచుతారు. ఆ వేళకు నేను వంటింట్లో డబ్బా సర్దుకుంటూ ఉంటాను. ఆవిడ మాట వినాలంటే ముందు నా మాట దాటాలి. ఆయన రోజూ దాటుతారు. నేను అక్కడే ఆగిపోతాను. అవతల ఆవిడ గొంతు కోప్పడకమ్మా అంటుంది. నేను డబ్బా మూత గట్టిగా నొక్కి పెట్టుకుంటాను.