అడుగులు చదివే తాత

నా చిన్నప్పుడు ఒమన్ దేశంలోని సలాలాలో మా పక్కింటి తాత మనుషుల ముఖాలు ఇట్టే మరిచిపోయేవాడు, అడుగులు మాత్రం మరిచిపోయేవాడు కాదు. నేను స్కూల్ నుంచి వచ్చి సందులో ఇసుక మీద నాలుగడుగులు వేస్తే చాలు, ఆ ఆనవాళ్లు చూసి నా కుడికాలి బొటనవేలికి దెబ్బ తగిలిందని గడప మీద కూర్చునే చెప్పేసేవాడు. నేను నోరెళ్లబెట్టేదాన్ని. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. ఎడారి వైపు పుట్టి పెరిగిన మనిషి. ఒంటె తప్పిపోయినా, ఎవరి మందలో మేక పోయినా ఆయన్నే పిలిపించేవారు. వంగి చూసి ఒక పేరు చెప్పాడంటే ఇక దానికి తిరుగుండేది కాదు. పోలీసులైనా, పెద్దమనుషులైనా ఆ మాట మీదే నిలబడేవారు. అందుకే వాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. అడుగులు చదివేవాడు ఒక్కసారి అబద్ధం చెప్తే, మళ్లీ ఎవరి అడుగూ చదవకూడదు.

మాది గోదావరి వైపు. అమ్మ సలాలా ఆసుపత్రిలో నర్సు. నాన్న అడవి జంతువుల్ని కాపాడే సర్కారు ఆఫీసులో మెకానిక్, గస్తీ బండ్లు బాగుచేసేవాడు. అమ్మకి డ్యూటీ, నాన్నకి వర్క్‌షాప్. నాకు అన్నం దగ్గర నుంచి ఆటల దాకా అన్నీ తాత ఇంట్లోనే. తాత చిన్నకొడుకుని నేను మామ అని పిలిచేదాన్ని. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ నా ఈడువాళ్లే. అరబ్బీ నాకు వాళ్ల దగ్గరే అబ్బింది. తాత మాత్రం మాతో వచ్చీరాని హిందీలోనే మాట్లాడేవాడు, ఎందుకో అది ఆయనకి సరదా.

సాయంత్రాలు తాత వాకిట్లో చాప పరిచేవారు. వేటకు పోయేవాళ్లంతా అక్కడ చేరేవారు. తాత కూడా వయసులో ఉన్నప్పుడు పెద్ద వేటగాడేనట. ఎడారిలో ఇసుక రంగు చిన్న జింకలుండేవి. వాటిని కొట్టకూడదని చట్టం వచ్చి అప్పటికే చాలా ఏళ్లయింది. అయినా పెళ్లికనో, చుట్టాలొచ్చారనో ఎవరో ఒకరు కొడుతూనే ఉండేవారు. నాన్న ఆఫీసులో పాత ముదీర్, అంటే పెద్దాఫీసరు, ముసలాయన, వీళ్లకి దూరపు చుట్టం. వద్దని చెప్పాల్సింది చెప్పేసి, చాప మీద కూర్చుని వాళ్ల కాఫీయే తాగి వెళ్లేవాడు. అలా అందరికీ సుఖంగానే జరిగిపోతుండేది. ఆయన రిటైరయ్యాడు. మస్కట్ నుంచి కొత్త ముదీర్ వచ్చాడు.

ఆ వారమంతా చాప మీద ఆయన గురించే. ముప్పై ఏళ్లు కూడా ఉండవన్నారు, చేతిలో ఫైలు లేకుండా కనబడడన్నారు. ఒకాయన ఆరు నెలల్లో ఎండకు తట్టుకోలేక పారిపోతాడన్నాడు. ఇంకొకాయన, "మేక అడుగుకీ జింక అడుగుకీ తేడా తెలియదు, మనల్ని పట్టుకుంటాడట!" అని తొడ మీద చరుచుకుని నవ్వాడు. మామ అందరికంటే గట్టిగా నవ్వాడు. మూలన కూర్చున్న ఒక ముసలాయన మాత్రం, తెలియనివాడే ప్రమాదం, తెలిసినవాడైతే బతిమాలుకోవచ్చు అన్నాడు. తాత ఇక చాలన్నట్టు కాఫీ కప్పు ఊపి పక్కన పెట్టేశాడు.

తరవాతి వారం ఆ కొత్త ముదీర్ తనంతట తనే తాత వాకిట్లోకి వచ్చాడు. చాప మీద కూర్చుని మూడు కప్పుల కాఫీ తాగి, అడిగేశాడు. "నాకు అడుగులు చదవడం రాదు. మీకు వచ్చు. నా మనుషులకి నేర్పండి, కేసు వస్తే వచ్చి చూడండి." నేను అక్కడే ఖర్జూరం తింటూ కూర్చున్నాను. తాత సరేనన్నాడు. "కానీ చూస్తే ఉన్నది చెప్తాను. ఎవరిదైనా చెప్తాను. తరవాత నన్ను ఆపొద్దు." ముదీర్ తలూపి వెళ్లిపోయాడు.

ఆ మర్నాటి నుంచి చాప మీద మనుషులు తగ్గిపోయారు. తాత అమ్ముడుపోయాడని ఒకరు, ముసలితనంలో బుద్ధి చెడిందని ఒకరు. అందరికంటే మామకి తల కొట్టేసినట్టయింది. వేటగాళ్ల దగ్గరికి పోతే నీ బాబు పోలీసు కదరా అని ఎగతాళి. ఇంట్లో తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారు. మామ వేరే గదిలో తినేవాడు.

ఇక నేను చేసిన పని చెప్పాలి. నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. అప్పుడు అక్కడ సెలవులు గురువారం, శుక్రవారం. ఒక బుధవారం సాయంత్రం మామ నన్ను మామూలుగానే పలకరించాడు, మీ నాన్న ఇంకా రాలేదేం అని. నేను గొప్పగా చెప్పాను. ఉన్న మూడు గస్తీ బండ్లలో రెండు విప్పేసి ఉన్నాయని, సామాను మస్కట్ నుంచి రావాలని, మిగిలిన ఒక్కటీ రేపు సముద్రం వైపు వెళ్తోందని. నాన్న అన్నం తింటూ అమ్మతో చెప్పిన మాటలు, పొల్లు పోకుండా. మామ నా తల నిమిరి, "రేపు జింకల్ని చూస్తావా?" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం పికప్ వెనకాల ముగ్గురు ఆడపిల్లలం ఎక్కాం. కొండ ఎక్కి దిగితే పచ్చదనం అయిపోయి రాళ్లూ ఇసుకా మొదలవుతాయి. ఒకే ఒక జింక కనబడింది. మామ పేల్చాడు. పరుగెత్తుకెళ్లి బిస్మిల్లా చెప్పి గొంతు కోశాడు. నేను దిగి దగ్గరికి వెళ్లాను. దాని చెవి పట్టుకుని చూశాను, వెచ్చగా ఉంది. జాలేసిందని రాస్తే బాగుంటుంది గానీ నాకేమీ అనిపించలేదు. ఇప్పటికీ ఆ చోట ఏదో అనిపించాలని వెతుక్కుంటాను, ఏమీ దొరకదు. మామ కూతుళ్లు బండి చుట్టూ పరుగులు తీస్తూ జ్యూస్ తాగుతున్నారు. ఆ సాయంత్రం మా ఇంటికీ ఒక గిన్నెలో మాంసం వచ్చింది. మేక మాంసమనుకుని అమ్మ అల్లంవెల్లుల్లి దట్టించి వండింది. నేనూ తిన్నాను.

మామ మిగతా మాంసం తీసుకుని పెళ్లాం పిల్లలతో అత్తవారింటికి వెళ్లాడు. ఈలోగా ఒంటెలు కాసేవాడెవడో అక్కడ నెత్తురు చూసి ఆఫీసుకి చెప్పాడు. శుక్రవారం పొద్దున్నే ముదీర్ మనిషి వచ్చి తాతని లేపాడు. ఉన్న ఒక్క బండీ నాన్నే నడపాలి. అమ్మ డ్యూటీలో ఉంది, పక్కింట్లో ఆడవాళ్లు లేరు. నన్నెక్కడ వదలాలో తెలియక నాన్న బండిలోనే కూర్చోబెట్టాడు. "అమ్మలూ, కదలకుండా కూచో, సార్ కోప్పడతారు" అన్నాడు. ఎక్కడికి వెళ్తున్నామో కొండ దిగాక గానీ నాకు తెలియలేదు.

దారిలో ముదీర్ నాన్నని అడిగాడు. "మన బండ్లు ఆగిపోయిన సంగతి వాళ్లకి ఎవరు చెప్పారు?" నాన్న స్టీరింగ్ మీంచి చూపు తిప్పకుండా, "ఏమో సార్, నాకు తెలీదు సార్" అన్నాడు. ముదీర్ మెల్లగా, "వర్క్‌షాప్‌లో ఉండేది మీరొక్కరే కదా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, అనుమానం ఉంది. నాన్న మెడ మీద చెమట కారడం వెనక సీట్లోంచి నాకు కనబడింది. ఆ నేల మీద నా అడుగులున్నాయి. అవి బయటపడితే కబురు ఎవరింటి నుంచి వెళ్లిందో చంటిపిల్లకైనా తెలుస్తుంది. నాన్న వీసా రద్దు చేసి విమానం ఎక్కిస్తారు. నాకు తొమ్మిదేళ్లు, అయినా ఆ మాత్రం తెలుసు. అలా ఎక్కించిన వాళ్లని చూశాను.

తాత అందరినీ బండి దగ్గరే ఉండమని కర్ర పట్టుకుని ఒక్కడే వెళ్లాడు. వంగి వంగి నడిచాడు. పికప్ ఎటు నుంచి వచ్చింది, ఎక్కడ ఆగింది చెప్పాడు. ఒకచోట ఆగిపోయాడు. కుడిపాదం బయటికి తిరిగిన అడుగది. మామ చిన్నప్పుడు ఒంటె మీంచి పడి విరిగిన కాలు అలాగే అతుక్కుందట. తాత నడుం ఎత్తకుండానే, మంచినీళ్లు అడిగినంత మామూలుగా చెప్పాడు.

"ఇది నా కొడుకు. చిన్నవాడు."

ముదీర్ కలం తీయలేదు. "ఇంకోసారి చూడండి" అన్నాడు. కావాలనే అన్నాడు, తప్పించుకోవడానికి దారి ఇచ్చాడు. తాత తీసుకోలేదు. "ఈ కాలికి కట్టు కట్టింది నేనే. చూడక్కర్లేదు. రాసుకో."

ముదీర్ రాసుకుని, ఇంకెవరున్నారని అడిగాడు. తాత నెత్తురు మరక దగ్గరికి వెళ్లాడు. నేను బండి దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాను. రబ్బరు చెప్పులేసుకున్న పిల్ల ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే, వాళ్ల పిల్లలు ఒట్టికాళ్లతో తిరిగేవారు. ఆ గీతల చెప్పు ముద్ర ఆ దూరం నుంచి నాకే కనబడుతోంది. ఆయనకి కనబడదా? తాత దాన్ని చూశాడు. తలెత్తి నా కాళ్లు చూశాడు. తరవాత నాన్న వైపు చూశాడు. ఏడుపు రాలేదు, అరుపు రాలేదు. అలా నిలబడ్డానంతే.

తాత కర్ర ఈడుస్తూ, తోలు చెప్పు నేలకి రాస్తూ, నెత్తురు మరక చుట్టూ ఒకసారి తిరిగాడు. కాళ్లు నొప్పెట్టిన ముసలాయన నడకలాగే ఉంది. తిరిగొచ్చేసరికి అక్కడ ఏ ముద్రా మిగల్లేదు.

"వాడి పిల్లలిద్దరు. ఇంకెవరూ లేరు" అన్నాడు.

"ఇంకెవరూ లేరా?"

"ఎవరూ లేరు."

తిరిగొచ్చాక ఇంటి దగ్గర నాన్న బండి నిలిపి ముదీర్‌తో మాట్లాడుతుంటే, తాత నా దగ్గరికి వచ్చి వంగాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తన హిందీలో చెప్పాడు. "నా వాడు జైలుకి పోతాడు, తిరిగొస్తాడు. నీ బాబా పోతే రాడు." అంతే. గడప దాటి లోపలికి వెళ్లిపోయాడు.

మామకి కొన్ని నెలలు జైలు పడింది. వేటగాళ్లు ఆ వాకిట్లో అడుగు పెట్టడం పూర్తిగా మానేశారు. అయితే కొత్త ముదీర్‌ని ఎగతాళి చేయడం కూడా మానేశారు. సొంత కొడుకు పేరు చెప్పే మనిషి ఆయన పక్కన ఉన్నాడని భయం. కానీ తాత అప్పటికే ఆయన పక్కన లేడు. ఆ మర్నాడే ఆఫీసుకి వెళ్లి చూపు మసకబారిందని, ఇక అడుగులు చదవలేనని చెప్పి వచ్చేశాడు. కొడుకుని పట్టిచ్చాక మనసు విరిగిందనుకున్నారు అందరూ. నాన్నా అలాగే అనుకున్నాడు. "పాపం పెద్దాయన, ఎంత మాట పడ్డాడో" అని అమ్మ చాలా రోజులు అంటూ ఉండేది. ఆయన కళ్లకి ఏమీ కాలేదని నాకొక్కదానికే తెలుసు. ఒక అబద్ధం ఆడాడు, కట్టుబాటు ప్రకారం మానేశాడు. నేను సందులో నడిచి వస్తుంటే ఆయన చూపు పక్కకి తిప్పుకునేవాడు. నా అడుగులు కూడా ఇక చదవలేదు. రెండేళ్ల తరవాత పోయాడు.

నేనూ అమ్మలాగే నర్సునయ్యాను, అదే ఊళ్లో. ఇంకొన్నాళ్లలో రిటైరవుతాను. మొన్న మామ బీపీ చూపించుకోవడానికి వచ్చాడు. ఆయనకిప్పుడు డెబ్భై ఏళ్లు దాటాయి. ఆఫీసుకి మళ్లీ కొత్త ముదీర్ వచ్చాడట. కుర్ర వేటగాళ్లంతా ఫోన్లలో ఆయన గురించే వాదులాడుకుంటున్నారట. ఎలాంటివాడో ఏమో అని ఒకళ్లనొకళ్లు భయపెట్టుకుంటున్నారట. మామ చెప్పి నవ్వాడు. చేతికి పట్టీ బిగిస్తూ ఇన్నేళ్లకి అడిగాను, బండ్ల సంగతి నేనే చెప్పానని తాతకి తెలుసా అని.

"మా నాన్న జైలుకి చూడ్డానికి వచ్చినప్పుడు అడిగాడు, నీకెవరు చెప్పారని. నేను చెప్పలేదు. చిన్నపిల్లవి కదా" అన్నాడు మామ. "నిన్ను నేనే బలవంతంగా ఎక్కించుకుపోయాననుకున్నాడు. ఆ పిల్లకి ఏ పాపం తెలియదు అనేవాడు."

బీపీ రాసి పంపించాను. తరవాతి పేషెంట్‌ని పిలిచాను. కళ్లు తడవలేదు. నాకు ఆ రోజు నుంచీ అంతే.

వార్డులో ఏ పొరపాటు జరిగినా, ఎవరు చేశారని డాక్టరు అడిగేలోపే నాదైతే నాదని చెప్పేస్తాను. కొత్తగా వచ్చిన పిల్లలు అంత ధైర్యం ఎలా వచ్చింది సిస్టర్ అని అడుగుతుంటారు. ధైర్యం కాదు. తాత పక్కింట్లో ఇంకా రెండేళ్లు బతికున్నాడు. మా రెండు గుమ్మాల మధ్య పది అడుగులుండేవి. తప్పు నాదని నేను వెళ్లి చెప్పలేదు.