మెడ కింది నీలం మచ్చ

నోఫెజిలే పోయి ఏడాది తిరగలేదు, ఊళ్లో ఆమెను గురించి నానా మాటలూ అంటున్నారు. గుడ్డి ముసలిది పక్షుల గుంపును తల్లి లేనిదాన్ని చేసిందట. వాళ్ల నోట్లో మన్ను పడ. ఆమె పక్కింట్లోనే ముసలిదాన్నయ్యాను నేను. జరిగింది చెబుతాను. చెప్పమన్నది కూడా ఆమె కోడలు నోక్వాఖ.

మా కొండల్లో వాన కరువైతే ఇంత్సికిజి పక్షిని పట్టి, మెడకు రాయి కట్టి మడుగులో ముంచుతాం. నది ఆ మైల భరించలేక, కడుక్కోవడానికి ఆకాశాన్ని నీళ్లడుగుతుంది. వాన చాలినంత పడ్డాక పక్షిని పైకి తీసెయ్యాలి, లేకపోతే వరద ఆగదు. ముంచేది మాత్రం మగదాన్నే. నల్లటి ఒళ్లు, బారెడు ముక్కు రెండింటికీ ఒకటే. మెడ కింద వేలాడే తోలంతా ఎర్రగా ఉంటే మగది. ఆ ఎరుపులో, ముక్కు కింద నీలం మచ్చ ఉంటే ఆడది. గుంపు మొత్తానికీ గుడ్లు పెట్టే తల్లి ఒక్కటే ఉంటుంది. అది పోతే గుంపు పోయినట్టే. మచ్చ చూసి చెప్పే పని నోఫెజిలేకు వాళ్లమ్మ నుంచి వచ్చింది; ఆమె మాటే చివరి మాట, మగవాళ్లెవరూ ఆ మెడ ఎత్తి చూడరు.

అప్పటికే ఆమె చూపు పోయిందని కోడలికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఏడు మొక్కజొన్న మోకాలెత్తునే మాడిపోయింది. నోక్వాఖకు పాలింకిపోయాయి. చంటిపిల్లకు ఏడ్చే ఓపిక కూడా లేదు. మగవాళ్లు ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఒక్క పక్షిని పట్టి తెచ్చారు. అప్పటికే కొండ మీద మబ్బు పట్టింది.

"మబ్బు వెళ్లిపోయేదాకా చూస్తావా ఏంటి పెద్దమ్మా?" అన్నాడు ఊరిపెద్ద జోలిలే.

"నీ పెళ్లికి ఓలి ఆవుల బేరం ఇంతకంటే ఎక్కువసేపు సాగింది, ఆగరా," అంది నోఫెజిలే. కోడలి చెయ్యి పట్టుకుని పక్షి మీదికి వంగి, "రంగు చెప్పవే," అని గొణిగింది.

"అంతా ఎరుపే అత్తా."

ముసలామె కోడలి వీపు మీది పిల్లను తడిమింది. తర్వాత తలెత్తి, "మగదే, ముంచండి," అంది.

వాన పడింది. ఆకుకూరలు మొలిచాయి, నోక్వాఖకు పాలు తిరిగాయి. పక్షిని పైకి తీసిన రోజు, నానిపోయిన మెడ మీద నీలం మచ్చ అందరికీ కనబడింది.

"ఆడదాన్ని ముంచావు కదే," అన్నాడు జోలిలే.

నోక్వాఖ నోరు తెరవబోయింది. అత్త ఆమె చెయ్యి గట్టిగా నొక్కి, "నాకు చూపు పోయింది. దాచుకున్నాను. తప్పు నాదే," అంది.

ఆ రోజు నుంచి నేను తప్ప ఆమెతో కల్లుకుండ పంచుకున్నవాళ్లు లేరు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం వాళ్లింటికి గంజి తీసుకెళ్లాను. నోక్వాఖ అత్త కాళ్ల మీద పడి ఏడుస్తోంది. "మచ్చ చూశానత్తా. పిల్ల దక్కదేమోనని అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"రంగు అడగ్గానే నీ చెయ్యి మంచులా చల్లబడిపోయింది. నీ వీపు మీద పిల్ల మూలుగుతోంది. ముంచమన్నది నేను కదటే? లే, దానికి పాలియ్యి."