హామిల్టన్ గ్యారేజీలో మొక్కజొన్నపిండి ముగ్గు

పాపకూర అనే ఊళ్లో మేముండే ఇంటి ఓనర్ సరళ ఆంటీ, నా పక్క గదిలో ఉండే మిషెలిన్‌ని ఆదివారం కల్లా ఖాళీ చెయ్యమంది. మిషెలిన్‌ది హైతీ. ఆమె గదిలో నేలమీద పిండితో గీసిన గీతలు, కొవ్వొత్తి, గ్లాసులో రమ్ము ఆంటీ కంటపడ్డాయి. చేతబడి అని తేల్చేసింది. మిషెలిన్ వాళ్ల వోడూ మతం మీద దొరికిన కరపత్రమల్లా చదివినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. శనివారం హామిల్టన్‌లో మిషెలిన్ పెద్దమ్మ ఇంట్లో పూజ ఉంది. ఒక్కసారి కళ్లారా చూసి అప్పుడు పంపించెయ్యండని ఆంటీని బతిమాలి ఒప్పించాను. పూజ పనులకని మిషెలిన్ ముందురోజే అక్కడికి వెళ్లింది.

నైట్ డ్యూటీ దిగి, నిద్ర లేకుండానే తొమ్మిదింటికి ఆంటీతో బయల్దేరాను. సదరన్ మోటర్‌వే మీద కారులో గంటన్నర. బస్సయితే రెండు గంటలు పెట్టుకోండి. రానూపోనూ పెట్రోలు నలభై డాలర్లు. బాంబే హిల్స్ అనే కొండలు దాటేదాకా నేను వోడూ చరిత్ర చెప్పడం ఆపలేదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా చిక్కి హైతీ చేరినవాళ్లు బలవంతపు బాప్తిస్మం తప్పక, తమ దేవతల్ని సెయింట్ల పటాల చాటున దాచుకున్నారు. తిరగబడి, తోటల యజమానుల్ని తరిమి, హైతీని సొంత దేశం చేసుకున్నారు. ఆ దడుపుతోనే తెల్లదొరలు వాళ్ల మతాన్ని క్షుద్రవిద్యగా రాశారు. సూదులు గుచ్చిన బొమ్మను దానికి అంటగట్టింది సినిమాలే.

"ఒరే కిరణ్, నీ అరుపులకి నాకే ఎవరో సూదులు గుచ్చుతున్నట్టుంది. నోరు మూసుకుని డ్రైవ్ చెయ్" అంది ఆంటీ. దారిలో మెర్సర్ దగ్గర ఆగి కాఫీ తాగాం. కళ్లు మంట, గొంతు మంట. నిజం చెప్పడం ఇంత అలసటని ఏ కరపత్రంలోనూ లేదు.

పెద్దమ్మ వంటింట్లో గుమ్మడికాయ సూప్ ఉడుకుతోంది. గ్యారేజీలో ఆవిడ వేళ్ల సందునుంచి మొక్కజొన్నపిండి జారవిడుస్తూ ముగ్గు వేస్తోంది. "ఇది దారులు తెరిచే దేవుడిది. ఆయనకి చెప్పకుండా ఎవర్నీ పిలవం" అంది. ఆంటీ ముగ్గునే చూస్తూ నిలబడింది. డప్పు మొదలైన కాసేపటికి పెద్దమ్మ ఒళ్లంతా ఊగి, వెనక్కి తూలింది. ఫిట్స్ అనుకుని అంబులెన్స్ కోసం 111కి కొట్టబోయాను.

"పెట్టరా ఆ ఫోను లోపల!" ఆంటీ చెప్పులు విడిచి, ఒక్క అంగలో వెళ్లి మిషెలిన్‌తో కలిసి పెద్దమ్మని పొదివి పట్టుకుంది. అచ్చ తెలుగులో అడిగింది: "ఎవరు తల్లీ వచ్చింది?"

మిషెలిన్‌కి తెలుగు రాదు. అయినా వచ్చిన దేవత పేరు చెప్పింది. ఆంటీ దణ్ణం పెట్టింది.

తిరుగు దారిలో ఆంటీ చెప్పింది. "మా నాయనమ్మకి పోలేరమ్మ పూనేది. నా పెళ్లిచూపులప్పుడు ఆవిణ్ణి గదిలో పెట్టి గడియేశారు, పిచ్చిదనుకుంటారని. లోపల్నుంచి తలుపు కొడుతూనే ఉంది."

"మరి మిషెలిన్?" అడిగాను.

"ఉండమను. కార్పెట్ మీద కొవ్వొత్తి వద్దు, గ్యారేజీ వాడుకోమను. రమ్ము సంగతి మీ అంకుల్‌కి చెప్పకు, అక్కడే కాపురం పెడతాడు."

ఇల్లు చేరేసరికి స్టీరింగ్ మీదే కునుకొస్తోంది. దారంతా నేను చెప్పిన చరిత్ర అబద్ధం కాదు. కానీ మిషెలిన్ గది నిలిచింది దానివల్ల కాదు, ఆ మూసిన తలుపు వల్ల. మీరెవరైనా ఇలాంటి పూజకి వెళ్తే, పిలిస్తేనే వెళ్లండి; ఫోను మాత్రం కారులోనే వదిలెయ్యండి. తూలినవాళ్లని పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి.