ప్లైవుడ్ పల్లెకు పిడకల పొగ

ఎనభైల చివర్లో, బొంబాయి పొలిమేరల్లో కట్టిన ఒక అమ్యూజ్‌మెంట్ పార్కులో నేను వడ్రంగిని. ప్లైవుడ్‌తో ఒక పల్లె కట్టాం. పిల్లల రైలు ఆ గుడిసెల మధ్య నుంచి పోతుంది. మేనేజర్ చూసి ముక్కు ఎగబీల్చాడు. "అంతా పెయింటు వాసనే. పల్లె వాసన రావాలి. తెచ్చినవాణ్ని మేస్త్రీని చేస్తా" అన్నాడు. నేను తెస్తానన్నాను.

తెచ్చింది మా అక్కను. బావ పోయాక పాలమూరు నుంచి కామాఠిపురాలో, ఇరుకు వరస గదుల చాల్‌లోని మా గదికి వచ్చి పని వెతుక్కుంటోంది. సంగతి చెబితే పకపకా నవ్వింది.

"పిడకలు చేసుడు తప్పుతదని బొంబాయికొస్తే, ఈడ టికెట్ పెట్టి పిడకల పొగ అమ్ముతున్నర్రా తమ్మీ?"

గుడిసె వెనక, ఎవరికీ కనబడని ఇరుకు అరలో ఆమె పొయ్యి. పిడకలు రాజేసి, పెనం మీద జొన్నరొట్టె మాడ్చేది. రైలు కూత వినగానే టేబుల్ ఫ్యాన్ వేస్తే, ముందు గోడ కంతలోంచి వాసన బయటికి పోయేది. జనం కళ్లు మూసుకుని గుండెలనిండా పీల్చేవారు. "అచ్చం మా ఊరే" అని మురిసిపోయేవారు. నేను మేస్త్రీనయ్యాను.

మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురు తిరిగితే పొగంతా లోపలికే కొట్టేది. "ఎనక గోడకు గింత కంత కొట్టరాదురా, ఊపిరాడ్తలేదు" అని అక్క ఎన్నిసార్లు అడిగిందో. ఆ గోడకు బయటివైపు నేను దగ్గరుండి వేయించిన కొండలు, తాటిచెట్లు ఉన్నాయి. బొమ్మ పాడవుతుందని రేపు, రేపు అన్నాను. రంపం పట్టుకుంటే ఎంతసేపటి పని? వానాకాలానికి దగ్గు పట్టుకుంది. రైల్లోవాళ్లకు వినబడుతోందని మేనేజర్ విసుక్కుంటే, "కొంగు అడ్డం పెట్టుకుని దగ్గక్కా" అని చెప్పిందీ నేనే.

అక్క పోయి చాలా ఏళ్లయింది. కామాఠిపురా గాలి పడక పోయిందని మావాళ్లు ఇప్పటికీ అంటారు. ఆ మాట నాగ్‌పాడాలో దగ్గు చూపించడానికి అక్కను తీసుకెళ్లిన డాక్టర్ ముందు నా నోట పుట్టింది. "పొగలో పని చేస్తుందా?" అని ఆయన అడిగాడు. "లేదు, ఇంట్లోనే ఉంటుంది. చాల్ గాలి పడలేదు" అన్నాను. నిజం చెబితే పని మాన్పించమంటాడు. మాన్పిస్తే నా మేస్త్రీగిరీ పోతుంది.

అక్క మందుచీటీ కొంగున ముడేసుకుంది. మెట్లు దిగాక నవ్వబోయి దగ్గింది.

"నీ మాట గూడ నీ ప్లైవుడ్ ఊరు లెక్కనే ఉందిరా. ఎవ్వలైన నమ్ముతరు."

మర్నాడు నాకంటే ముందే లేచి, పిడకల గోనె నెత్తికెత్తుకుంది.